ప్రశ్నను బట్టి పద్ధతి: ప్రకృతి, మానవ సమాజాల పరిశోధనలో వైవిధ్యం (మైదుకూరు పరిసరాల ఉదాహరణలతో)

ఉపోద్ఘాతం

"అయ్యగారూ, సైన్సు ఇలా చెబుతోంది కదా, మరి మీరేమంటారు?" అనే ప్రశ్న ఎదుర్కొనని సంఘ కాపరి ఈనాడు బహుశా ఉండడు. ఒకప్పుడు ఈ ప్రశ్న పట్టణ సంఘాలకే పరిమితం. ఇప్పుడు ఇంటర్మీడియట్ చదివే పిల్లవాడు ఉన్న ప్రతి పల్లెలోను వినబడుతోంది. దీనికి సాధారణంగా రెండు రకాల జవాబులు ఇస్తుంటాం. ఒకటి, "సైన్సు రోజుకొక మాట చెబుతుంది, దాన్ని పట్టించుకోవద్దు" అనేది. రెండవది, "మనం నమ్మినదాన్నే సైన్సు కూడా రుజువు చేసింది" అని ఎక్కడో చదివిన ఒక వార్తను చూపడం. మొదటి జవాబు పిల్లవాని చదువును కించపరుస్తుంది. రెండవది ఆ వార్త తప్పని తేలిన రోజున కాపరి మాట మీదనే నమ్మకం పోగొడుతుంది. ఒక చిన్న విషయంలో పోయిన నమ్మకం పెద్ద విషయాలలో తిరిగి రావడం కష్టం.

ఈ రెండు జవాబులలోను ఒకే పొరపాటు ఉన్నదని మా అభిప్రాయం. "సైన్సు" అనే ఒకే వ్యక్తి ఎక్కడో కూర్చుని అన్ని విషయాల మీద ఒకే విధంగా తీర్పు చెబుతున్నట్లు రెండూ భావిస్తాయి. వాస్తవానికి పరిశోధన ఒకటి కాదు, అనేకం. రాతి వయస్సు తెలుసుకునే పద్ధతి వేరు, మందు పని చేస్తుందో లేదో తేల్చే పద్ధతి వేరు, ఊరి మనుషుల మనస్సు తెలుసుకునే పద్ధతి వేరు. ప్రశ్న మారితే పద్ధతి మారాలి. పద్ధతి తెలిస్తేనే ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చునో తెలుస్తుంది. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఈ ఒక్క సంగతే.

ఉదాహరణల కోసం దూరదేశాలకు పోనవసరం లేదు. కడప జిల్లాలోని మైదుకూరు నాలుగు రోడ్ల కూడలిని తీసుకుందాం. ఒక దారి కర్నూలు వైపు, ఒకటి కడప వైపు, ఒకటి ప్రొద్దుటూరు వైపు, మరొకటి బద్వేలు వైపు పోతాయి. ఈ నాలుగు దారులలోను ఒక్కొక్క రకమైన పరిశోధనకు పేరుపొందిన స్థలాలు ఉన్నాయి. ముందుగా ఊరి పొలాలలో మొదలుపెట్టి, ఆ దారులలో కొంత దూరం వెళ్ళి వద్దాం. దేవదారు మొదలు గోడన మొలిచే చిన్న మొక్క వరకు సొలొమోను చెట్లను గూర్చి మాట్లాడాడని రాజుల గ్రంథం చెబుతుంది. సృష్టిని పరిశీలించడం మన పాఠకులకు పరాయి పని కాదు.

1. తిరిగి చేసి చూడగల పరిశోధన: పసుపు పొలం

పసుపు పంటలో దుగ్గిరాల, ఆర్మూరు వంటి ఊళ్ళ పేర్లతో రకాలు ఉన్నట్లే మైదుకూరు పేరుతో కూడా ఒక రకం ఉన్నది. ఇది దీర్ఘకాలిక రకం, దాదాపు తొమ్మిది నెలలు భూమిలో ఉంటుంది. అంతకాలం పెట్టుబడి మట్టిలో పెట్టి కూర్చునే రైతుకు ఏ ఎరువు మంచిది, ఏ మందుతో దుంపకుళ్ళు తగ్గుతుంది అన్నవి బ్రతుకు ప్రశ్నలు.

ఒక రైతు ఈ ఏడు కొత్త ఎరువు వేశాడనుకుందాం. దిగుబడి పెరిగింది. ఎరువు వల్లనే పెరిగిందని చెప్పగలమా? ఈ ఏడు వానలు బాగా పడి ఉండవచ్చు. ఆ చేను కె.సి. కాలువ నీరు ముందుగా అందే చోట ఉండవచ్చు. విత్తన కొమ్ములు మేలైనవి కావచ్చు. ఇన్ని కారణాలు కలిసిపోయిన చోట ఒక్క కారణాన్ని విడదీయడానికి పుట్టినదే ప్రయోగ పద్ధతి. ఒకే చేనును చిన్న చిన్న మళ్ళుగా విభజిస్తారు. ఏ మడిలో కొత్త ఎరువు, ఏ మడిలో పాత ఎరువు అనేది పరిశోధకుడు తన ఇష్టం చొప్పున కాక, చీట్లు వేసినట్లుగా నిర్ణయిస్తాడు. ఇష్టానికి వదిలితే తెలియకుండానే మంచి నేలను కొత్త ఎరువుకు ఇచ్చే అవకాశం ఉన్నది. అందుకే చీటీ. చివరకు మళ్ళ దిగుబడులను పోలుస్తారు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో 1920లలో రోనాల్డ్ ఫిషర్ ఈ పద్ధతిని శాస్త్రంగా రూపొందించాడు.

పొలంలో పుట్టిన ఈ ఆలోచనే తరువాత ఆసుపత్రికి వచ్చింది. 1956లో మద్రాసులో ఏర్పడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం రోగులను ఇదే విధంగా రెండు గుంపులుగా చేసింది. ఒక గుంపును శానిటోరియంలో ఉంచి, మరొక గుంపును ఇంటి వద్దనే ఉంచి మందులు ఇచ్చింది. ఇంటి వద్ద మందు తీసుకున్నవారు కూడా దాదాపు అంతే బాగా కోలుకున్నారనీ, దానివల్ల కుటుంబ సభ్యులకు అదనపు ప్రమాదం కలగలేదనీ 1959లో ప్రకటించింది. బీద కుటుంబాలకు అది గొప్ప మేలు. ప్రపంచమంతటా క్షయ చికిత్స తీరు మారడానికి ఆ ఫలితం తోడ్పడింది.

సేవకులు ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. మన కూటాలలో స్వస్థత సాక్ష్యాలు వింటుంటాం. ఒకరి సాక్ష్యం దేవునికి కృతజ్ఞత చెల్లించడానికి ఆధారమే. కాని మరొకరి చేత మాత్రలు మాన్పించడానికి అది ఆధారం కాదు. సాక్ష్యం జవాబిచ్చే ప్రశ్న "నాకేమి జరిగింది?" అనేది. ప్రయోగం జవాబిచ్చే ప్రశ్న "ఈ మందు తీసుకున్నవారికీ తీసుకోనివారికీ తేడా ఏమిటి?" అనేది. క్షయ రోగి మందులు మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టడమే కాక మొండిబారుతుంది, ఇంట్లో పిల్లలకు సోకుతుంది. రెండు ప్రశ్నలను కలిపివేయడం వల్ల ప్రాణాలే పోతాయి.

2. ఆనవాళ్ళు చదివే పరిశోధన: రాయి, బూడిద

ఎరువును మళ్ళీ వేసి చూడవచ్చు గాని, కొండను మళ్ళీ పుట్టించి చూడలేం. అందువల్ల "ప్రయోగశాలలో చేసి చూపనిది సైన్సే కాదు" అని కొందరు వాదిస్తారు. ఇది సరికాదు. మన కళ్ళముందు జరగనిదాన్ని మిగిలిన ఆనవాళ్ళ నుండి తెలుసుకోవడం కూడా క్రమమైన పరిశోధనే.

మన ఇళ్ళలోను ఆరాధన మందిరాలలోను పరిచే కడప బండ ఇందుకు మంచి ఉదాహరణ. ఈ ప్రాంతపు రాతి పొరలను విలియం కింగ్ అనే భూవిజ్ఞాని నడిచి పరిశీలించి 1872లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ద్వారా వివరంగా ప్రచురించాడు. ఆనాటి నుండి "కడప", "కర్నూలు" అనే పేర్లు ప్రపంచ భూవిజ్ఞాన గ్రంథాలలో శిలా సముదాయాల పేర్లుగా నిలిచిపోయాయి. వేంపల్లె, నార్జి వంటి మన ఊళ్ళ పేర్లు కూడా రాతి పొరల పేర్లయ్యాయి. వేంపల్లె పొరలలో స్ట్రోమటోలైట్లు కనబడతాయి. లోతులేని నీటిలో అతి సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టిన నిర్మాణాలు అవి.

వయస్సు ఎలా చెబుతారు? దీనికి ఒక సాధారణమైన తర్కం, ఒక కొలత రెండూ అవసరం. పులివెందుల దగ్గర పాత రాతి పొరల మధ్యకు కరిగిన శిల చొచ్చుకువచ్చి గడ్డకట్టింది. గోడ లేనిదే మేకు దిగదు, కాబట్టి చొచ్చుకువచ్చిన రాయి కన్న పొరలు పాతవి. ఇది తర్కం. ఆ రాయిలోని సన్నని స్ఫటికాలలో యురేనియం ఉంటుంది. అది తెలిసిన వేగంతో సీసంగా మారుతుంది. రెండింటి నిష్పత్తిని కొలిచి ఆ రాయి వయస్సు సుమారు 188 కోట్ల సంవత్సరాలని 2008లో ప్రచురించారు. ఇది కొలత. ఈ రెండూ వేరు వేరు దారులలో వచ్చి ఒకదానినొకటి సమర్థించడమే ఈ పద్ధతి బలం.

ఇప్పుడు కర్నూలు దారిలో వెళ్దాం. నేటి నంద్యాల జిల్లాలోని జ్వాలాపురం దగ్గర జుర్రేరు లోయలో మందమైన అగ్నిపర్వత బూడిద పొర ఉన్నది. రాయలసీమలో అగ్నిపర్వతం లేదు. ఆ బూడిదను పరీక్షించగా సుమారు 74,000 సంవత్సరాల క్రితం ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో బద్దలైన టోబా అగ్నిపర్వతానిదని తేలింది. ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయ ఆచార్యుడు రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా తదితరులు అక్కడ త్రవ్వి, బూడిద పొరకు క్రిందను పైనను కూడా రాతి పనిముట్లు ఉన్నాయని 2007లో ప్రకటించారు. రెండు చోట్లా పనిముట్లలో పోలిక ఉన్నందున ఆ మహా విపత్తు తరువాత కూడా మనుషులు ఈ లోయలో బ్రతికారని వారు వాదించారు.

ఇక్కడ నేర్చుకోవలసినది ఉన్నది. బూడిద టోబాదని చెప్పడానికి ఆధారం బలమైనది. పనిముట్లు పైనా క్రిందా ఉన్నాయన్నది కంటికి కనబడినది. అయితే వాటిని చేసినవారు మనవంటి మానవులా, వేరొక పూర్వ మానవ జాతివారా అన్న విషయంలో పండితుల మధ్య వివాదం ఉన్నది, ఎందుకంటే ఆ పొరలలో మానవ అస్థికలు దొరకలేదు. అనగా ఒకే పరిశోధనలో గట్టి మాట, మధ్యస్థమైన మాట, ఊహతో కూడిన మాట పక్కపక్కనే ఉంటాయి. వాటిని వేరుచేసి చదవడమే చదువరితనం. ఆదికాండము మొదటి అధ్యాయాన్ని ఎలా వ్యాఖ్యానించాలన్నది మరొక వ్యాసానికి తగిన విషయం. కాని ఆ చర్చకు దిగే కాపరి, ఎదుటివాడు చెప్పే అంకె ఎలా వచ్చిందో తెలిసి దిగాలి.

3. కనిపెట్టుకుని ఉండే పరిశోధన: కలివి కోడి

బద్వేలు దారిలో లంకమల కొండలు ఉన్నాయి. ఆ కొండల పాదాన ఉన్న పొదల అడవి వలన కడప జిల్లా పేరు ప్రపంచ పక్షి శాస్త్రజ్ఞులందరికీ తెలుసు. కలివి కోడి అనే చిన్న పక్షి ఇక్కడ కనబడింది. ఇది రాత్రిపూట మాత్రమే తిరుగుతుంది, ఎగరడం కన్న పరుగెత్తడమే ఎక్కువ. 1848 ప్రాంతంలో థామస్ జెర్డాన్ అనే సైనిక వైద్యుని ద్వారా ఇది శాస్త్ర లోకానికి తెలిసింది. 1900లో దాన్ని చూసినట్లు వ్రాసినవాడు కడప ప్రాంతంలో సేవచేసిన లండన్ మిషనరీ హోవర్డ్ క్యాంప్‌బెల్. సువార్త పని కోసం పెన్నా లోయలో తిరిగిన మనిషి పక్షులను కూడా శ్రద్ధగా గమనించి వ్రాసిపెట్టాడన్నది మన పాఠకులు గుర్తుంచుకోదగిన విషయం. ఆ తరువాత 86 సంవత్సరాలు అది ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే చాలామంది తలచారు.

1980లలో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ వారు వెదకడం ప్రారంభించారు. పరిశోధకుడు భరత్ భూషణ్ ఈ ప్రాంతంలో వేటగాళ్ళను, పల్లెవాసులను విచారిస్తూ తిరిగాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లి సమీపాన ఐతన్న అనే స్థానికుడు రాత్రివేళ టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. దురదృష్టవశాత్తు ఆ పక్షి బ్రతకలేదు గాని, జాతి బ్రతికే ఉన్నదని రుజువైంది. లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడడానికి ఇదే ముఖ్య కారణం. అనేక సంవత్సరాలు పుస్తకాలలో లేని సమాధానం చివరకు ఒక పల్లె మనిషి చేతిలో దొరికింది. శాస్త్రజ్ఞునికి ప్రశ్న తెలుసు, ఐతన్నకు అడవి తెలుసు. ఇద్దరిలో ఎవరు లేకపోయినా ఆ పరిశోధన లేదు.

తరువాతి పని మరింత ఓపికతో కూడినది. కనబడని పక్షిని లెక్కించడం ఎలా? పి. జగన్నాథన్, ఆయన సహచరులు పొదల మధ్య నేలను చదును చేసి, మెత్తని మట్టి పట్టీలు పరచి, తెల్లవారి వాటి మీద పడిన అడుగుజాడలను కొలిచారు. తమంతట తామే ఫొటో తీసే కెమెరాలు అమర్చారు. రికార్డు చేసిన కూతను వినిపించి జవాబు కోసం చెవియొగ్గారు. పక్షి మరీ దట్టమైన పొదలలోను ఉండదు, మరీ బోడినేల మీదను ఉండదు, మధ్యస్థంగా ఉన్న పొదలను ఇష్టపడుతుందని ఈ విధంగా తెలిసింది. అంటే పశువుల మేత, కట్టెలు కొట్టడం వంటి మనుషుల పనులు మితిమీరితే దానికి నష్టం, ఆ పనులు పూర్తిగా ఆగి పొదలు క్రమ్ముకున్నా నష్టమే. ప్రకృతి పరిశోధన ఇక్కడ మానవ సమాజ పరిశోధన గుమ్మంలోకి వచ్చి నిలిచింది.

ఈ పద్ధతికి ఒక ప్రత్యేకమైన హద్దు ఉన్నది. "చూశాం" అనే మాట ఒక్కసారి నిజమైతే చాలు. "లేదు" అనే మాట ఎన్నిసార్లు వెదికినా పూర్తిగా నిరూపణ కాదు. 2000ల చివరి నుండి కలివి కోడి జాడ మళ్ళీ దొరకలేదు, ఇక లేదేమోనన్న దిగులు పెరిగింది. 2025 ఆగస్టులో పక్షి పరిశీలకుల బృందం ఒకటి దాని కూతను మళ్ళీ రికార్డు చేసినట్లు ప్రకటించింది. వెదికినవారికి దొరకకపోవడం వేరు, లేకపోవడం వేరు.

4. రాతలను పోల్చే పరిశోధన: శాసనం, తాళపత్రం

ప్రొద్దుటూరు దారిలో వెళ్ళి ఎర్రగుంట్ల వైపు తిరిగితే కలమళ్ళ గ్రామం ఉన్నది. అక్కడి చెన్నకేశవాలయంలోని శిలాశాసనం తెలుగు భాషలో లభించిన తొలి శాసనంగా ప్రసిద్ధి. రేనాటి చోళ రాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయునిది. దాని కాలం సుమారు క్రీ.శ. 575 అంటారు. ఈ అంకెకు యురేనియం ఆధారం కాదు. అక్షరాల రూపం ఏ కాలపు శాసనాలతో పోలుతుంది, ఆ రాజు పేరు మరే శాసనాలలో ఏ వరుసలో వస్తుంది అనే పోలికలే ఆధారం. అందుకే "సుమారు" అనే మాట అక్కడ తప్పనిసరి.

కడప దారిలో వెళ్తే సి.పి. బ్రౌన్ జ్ఞాపకాలు ఎదురవుతాయి. కలకత్తాలో చాప్లిన్‌గా పనిచేసిన డేవిడ్ బ్రౌన్ కుమారుడైన ఈయన 1820లో కడపలో ఉద్యోగంలో చేరాడు. తరువాత కడపలో బంగళా కొని, పండితులను జీతాలకు పెట్టి, తెలుగు కావ్యాల ప్రతులను ఊరూరా తెప్పించి పోల్చి చూపించాడు. ఒకే పద్యం ఒక్కొక్క ప్రతిలో ఒక్కొక్క విధంగా ఉండేది. నకలు వ్రాసినవాడు పొరబడ్డాడా, తన ఇష్టం కొద్దీ దిద్దాడా, ఏ పాఠం ప్రాచీనం అన్నది నిర్ణయించాలి. వేమన పద్యాల సంకలనాన్ని 1829లోను, తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును 1852లోను ఆయన వెలువరించాడు. నేడు ఆయన బంగళా ఉన్న చోటనే కడపలో భాషా పరిశోధన కేంద్రం నడుస్తున్నది.

వేదాంత విద్యార్థులకు ఈ పని పరిచితమే. క్రొత్త నిబంధన గ్రీకు ప్రతులను పోల్చి మూలపాఠాన్ని నిర్ణయించే శాస్త్రం కూడా ఇదే కుటుంబానికి చెందినది. లూకా తన సువార్త ప్రారంభంలో, కన్నులారా చూచినవారు అప్పగించిన సంగతులను తాను మొదటి నుండి జాగ్రత్తగా పరిశీలించి క్రమంగా వ్రాస్తున్నానని చెప్పుకుంటాడు. సాక్షులు, ప్రతులు, వరుసక్రమం ఈ పరిశోధనకు ప్రాణం. వేమనకు ఒక కొలబద్ద, మన గ్రంథానికి మరొక కొలబద్ద పెట్టే పరిశోధకుని మాట ఎవరూ నమ్మరు.

5. మనుషులను లెక్కించే పరిశోధన, వినే పరిశోధన

రాయి మనం ఏమడుగుతున్నామో పట్టించుకోదు. మనిషి పట్టించుకుంటాడు. అడిగేవాడు ఎవరు, ఎందుకు అడుగుతున్నాడు, జవాబు చెబితే నాకేమవుతుంది అని ఆలోచించి జవాబు చెబుతాడు. ప్రకృతి పరిశోధనకు, సమాజ పరిశోధనకు గల ముఖ్యమైన తేడా ఇదే.

జనాభా లెక్కలను తీసుకుందాం. 2011 లెక్కల ప్రకారం అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం. ఈ అంకె అబద్ధం కాదు, ఆ ప్రశ్నకు ప్రజలు చెప్పిన జవాబుల మొత్తం అది. అయితే 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే పరిమితమైంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు గాని, క్రైస్తవులకు వర్తించలేదు. కాబట్టి దళిత కుటుంబానికి ఆ ప్రశ్న కేవలం విశ్వాసాన్ని గూర్చిన ప్రశ్న కాదు. పిల్లల చదువును, ఉద్యోగాన్ని గూర్చిన ప్రశ్న కూడా. మన సంఘాలలో ఆదివారం బల్లల మీద కూర్చునే ఎందరో కాగితాల మీద వేరుగా ఉన్నారని కాపరులకు తెలియనిది కాదు. దీన్ని సాకుగా తీసుకుని ఎవరికి తోచిన అంకె వారు చెప్పడం కూడా పరిశోధన కాదు. అంకె దేనిని కొలిచిందో చెప్పి, దేనిని కొలవలేదో కూడా చెప్పడం పరిశోధన.

లెక్కకు అందని దాన్ని వినడానికి వేరొక పద్ధతి ఉన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయ బృందంతో కలిసి ఎస్.సి. దూబే సికింద్రాబాదు దగ్గరి షామీర్‌పేటను అధ్యయనం చేసి 1955లో ప్రచురించిన గ్రంథం భారతీయ గ్రామ అధ్యయనాలలో తొలినాటిది. తెలంగాణలోనే పుట్టిన మిషనరీ మానవశాస్త్రజ్ఞుడు పాల్ హీబర్ట్, కొండూరు అనే గ్రామాన్ని గూర్చి 1971లో ప్రచురించాడు. క్రైస్తవ సేవకు మరింత దగ్గరగా ఉన్నది మెదక్ ప్రాంతపు పల్లె సంఘాలను గూర్చి పి.వై. లూక్, జాన్ కార్మన్ 1968లో వెలువరించిన అధ్యయనం. విశ్వాసులు గుడికి రావడమే కాక, ఊరి పండుగలలోను, పాత ఆచారాలలోను ఏ మేరకు పాలుపంచుకుంటున్నారో, ఎందుకు అలా చేస్తున్నారో వారి మధ్య ఉండి విని వ్రాశారు. హాజరు పట్టీ చూసి ఉంటే ఇది తెలిసేది కాదు. "మీరు విగ్రహాలకు మ్రొక్కుతారా?" అని ఒక్క మాటలో అడిగి ఉన్నా తెలిసేది కాదు.

విద్యార్థులు సమర్పించే సిద్ధాంత వ్యాసాలలో మాకు తరచు కనబడే లోపం ఇక్కడిదే. "మీరు కుటుంబ ప్రార్థన చేస్తారా?" అని పాస్టరుగారి శిష్యుడే కాగితం పట్టుకుని అడిగితే కాదనేవారెవరు? తొంభై శాతం చేస్తున్నారని పట్టిక గీస్తారు. ఆ పట్టిక కొలిచినది ప్రార్థనను కాదు, మర్యాదను. అలాగే సంఘంలో హాజరు తగ్గితే "విశ్వాసం చల్లారింది" అని వెంటనే తీర్మానిస్తాం. కడప జిల్లా నుండి కువైట్‌కు పనికి వెళ్ళిన తల్లులెందరు, బెంగళూరుకు వలస పోయిన కుటుంబాలెన్ని అని ముందు లెక్కించామా? ఇంటింటికి వెళ్ళి విన్నామా? తల్లి ఎడారి దేశంలో ఉంటే, పిల్లలను చూసుకునే అవ్వ ఆదివారం రాలేకపోతే, ఆమెకు కావలసినది గద్దింపు ప్రసంగం కాదు. కారణం తప్పుగా చెబితే మందు కూడా తప్పే అవుతుంది.

6. ఏ పద్ధతీ చెప్పలేనిది

ఇంతవరకు చూసిన పద్ధతులన్నీ "ఏమి ఉన్నది?", "ఎలా జరిగింది?", "ఎందువల్ల?" అనేవాటికి జవాబిస్తాయి. "ఏమి చేయాలి?" అనే ప్రశ్నకు అవి సాయపడతాయి గాని, అవే నిర్ణయించలేవు.

తెలుగుగంగ కాలువ విషయంలో ఇది స్పష్టంగా కనబడింది. కరువు నేలకు నీళ్ళు తెచ్చే కాలువ తవ్వకం 2000లలో కలివి కోడి నివసించే పొదల అడవిని తాకింది. ఆ పొదలు పోతే పక్షికి ముప్పు అని పక్షి శాస్త్రం చెప్పింది. ఎకరాకు ఎంత నీరు కావాలో వ్యవసాయ శాస్త్రం చెప్పగలదు. కాని పైరు పక్కన నిలబడి ఆకాశం వైపు చూసే రైతుకు ఎంత విలువ, ప్రపంచంలో మరెక్కడా ఉన్నట్లు తెలియని ఒక పక్షికి ఎంత విలువ అన్నది ఏ కొలబద్దా చెప్పదు. చివరకు కాలువ మార్గాన్ని మార్చారు. నీరు కావాలి, పక్షీ కావాలి అని ముందుగా ఒక సమాజం తీర్మానించుకున్నప్పుడే, రెండూ సాధ్యమయ్యే దారి ఎక్కడ ఉన్నదో పరిశోధన చూపగలిగింది. సృష్టికి గృహనిర్వాహకులమని బోధించే మనకు ఆ తీర్మానంలో చెప్పవలసిన మాట ఉన్నది. ఆ మాట చెప్పేటప్పుడు రైతు కష్టం తెలియనివారిగా మాట్లాడరాదు, పక్షి సంగతి చదవనివారిగా కూడా మాట్లాడరాదు.

ముగింపు

పరిశోధన ఫలితం ఏదైనా మన ముందుకు వచ్చినప్పుడు నమ్మాలా వద్దా అని తొందరపడక, ముందుగా ఈ ప్రశ్నలు వేసుకోవాలని సూచిస్తున్నాం.

మొదటిది, అసలు ప్రశ్న ఏమిటి? రెండవది, దానికి వాడిన పద్ధతి ఏది: ప్రయోగమా, ఆనవాళ్ళ పఠనమా, క్షేత్ర పరిశీలనా, ప్రతుల పోలికా, లెక్కింపా, వినడమా? మూడవది, ఆ ప్రశ్నకు ఆ పద్ధతి తగినదేనా? నాలుగవది, చెప్పిన మాటలలో చూసినది ఎంత, ఊహించినది ఎంత? ఐదవది, "ఏమి చేయాలి" అనే తీర్పును "ఏమి ఉన్నది" అనే ఫలితం మాటున ఎవరైనా దాచారా? ఈ ఐదు ప్రశ్నలు ఇతరుల పరిశోధనకే కాదు, మన ప్రసంగాలకు, సంఘ నివేదికలకు, సిద్ధాంత వ్యాసాలకు కూడా వర్తిస్తాయి.

అప్పుడు "సైన్సు ఇలా చెబుతోంది కదా" అని వచ్చిన పిల్లవానితో కాపరి భయం లేకుండా మాట్లాడగలడు. "నాయనా, అది ఎలా తెలిసిందో ముందు ఇద్దరం కలిసి చూద్దాం రా" అనగలడు. ఆ పిల్లవాడు కాపరి కన్న ఎక్కువ చదివి ఉండవచ్చు. ఫరవాలేదు. శాస్త్రజ్ఞుడు ఐతన్నను అడిగాడు, బ్రౌన్ పండితులను అడిగాడు. మన పిల్లలను మనం అడగడంలో చిన్నతనం లేదు. తనకు తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకున్న కాపరి, తెలిసినదాన్ని చెప్పినప్పుడు ఆ పిల్లవాడు శ్రద్ధగా వింటాడు.